ఎవరూ అడగని ముప్పై ఒకటో నంబరు

1958 జనవరిలో నన్ను తాడిపత్రి నుంచి ధర్మవరం తాలూకాకు సర్వేయరుగా బదిలీ చేశారు. చేరగానే చేతికొచ్చిన పని, బత్తలపల్లెకు కొద్ది దూరంలో ఉన్న ఒక పల్లెలో ముప్పై రెండు ఇళ్ళ స్థలాలు కొలిచి, హద్దురాళ్ళు నాటించి, పటం గీసి ఇవ్వడం. పల్లె పేరు రాయను. ఆ పంపకం గురించి అక్కడ ఇప్పటికీ రెండు పక్షాలున్నాయని విన్నాను. మూడో పక్షంగా చేరాలని నాకు లేదు.

నేను సర్వే స్కూల్లో చదివినవాణ్ణి కాను. గొలుసు లాగే పనిలో చేరి, లింకులు లెక్కబెడుతూ లెక్కలు నేర్చుకుని, శాఖాపరీక్ష రాసి సర్వేయరునయ్యాను. మా గొలుసు అరవై ఆరు అడుగులు. అందులో వంద లింకులు. వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు. ఈ మూడు ముక్కలు తెలిస్తే ఈ కథకు సరిపోతుంది. నాకైతే ఉద్యోగమంతటికీ దాదాపు ఇవే సరిపోయాయి. ఏ నేలను చూసినా ముందు పొడవు, వెడల్పు కనిపించేవి. అది మంచి చోటా, చెడ్డ చోటా అన్నది గొలుసుకు అందే సంగతి కాదు కనుక దాని జోలికి పోయేవాణ్ణి కాను.

ఆ సంగతి మా శాఖలో మిగతావాళ్ళకు బాగా తెలుసు. ఏ ఊరు మంచిదో, ఏది కాదో వాళ్ళ దగ్గర ఎప్పుడూ తయారుగా ఉండేది. కుందుర్పి వైపు వేస్తే మనిషి ఏడుస్తూ పోయేవాడు. రెండేళ్ళ తర్వాత అక్కడి నుంచి తీస్తే ఏడుస్తూ వచ్చేవాడు. ఈ మధ్యలో కుందుర్పిలో ఏమీ మారేది కాదు. నాకు ధర్మవరం ఉత్తర్వు వచ్చినప్పుడు తాడిపత్రి ఆఫీసులో సగం మంది అదృష్టవంతుడివన్నారు, సగం మంది అయ్యో పాపమన్నారు. సంఖ్య సరిసమానంగా ఉండడంతో నాకు ఏ అభిప్రాయమూ ఏర్పడలేదు. పెట్టె సర్దుకుని బయలుదేరాను.

పల్లెలో పని ఎందుకు పడిందంటే, ఊరి చెరువు కట్టను ఎత్తు చేయాలని నిర్ణయించారు. కట్ట లేస్తే, చెరువు నిండిన ఏడు వెనక్కి తన్నిన నీళ్ళు కింది వీధిలోకి వస్తాయి. ఆ చెరువు నిండగా చూసినవాళ్ళు ఆ వీధిలో ఇద్దరు ముసలివాళ్ళే ఉన్నారు. వాళ్ళకూ ఏ ఏడన్నదాని మీద మాట కలవదు. అయినా నిండితే మునుగుతుందన్నది లెక్క. లెక్క తప్పు కాదు. కింది వీధిలోని ముప్పై రెండు కుటుంబాలను ఊరికి ఉత్తరాన ఉన్న మిట్ట మీదికి తరలించాలని ఉత్తర్వు. తలా మూడు సెంట్లు. అరవై లింకులు పొడవు, యాభై లింకులు వెడల్పు పెడితే మూడు సెంట్లు చిల్లర లేకుండా వస్తుంది. వరుసకు ఎనిమిది చొప్పున నాలుగు వరుసలు, మధ్య వీధులు.

స్థలాల పంపకానికి తాసిల్దారు పెట్టిన పద్ధతి ఇది. ఆయన వచ్చిన రోజు ఒక్కో నంబరూ వరుసగా పిలుస్తారు. ఆ నంబరు కావలసినవాళ్ళు అప్పుడే లేచి నిలబడాలి. ఒక్కరే లేస్తే అది వాళ్ళకే. ఇద్దరో ముగ్గురో లేస్తే, పిలుపులన్నీ అయ్యాక వాళ్ళ మధ్య చీటీలు వేస్తారు. ఒక కుటుంబం ఒక్క నంబరుకే లేవాలి. చీటీలో ఓడినవాళ్ళకు, ఎవరూ అడగనివాటిలోంచి ఇస్తారు. న్యాయమైన పద్ధతి. కాగితం మీద చదివినప్పుడు నాకు ఇందులో లోపమేమీ కనిపించలేదు.

నాతో గొలుసు పట్టేవాడు దస్తగిరి. నాకన్నా పెద్దవాడు, సన్నగా ఉంటాడు, నవ్వకుండా నవ్విస్తాడు. మొదటి రోజు మేము గొలుసు పరిచేసరికి వీధంతా మిట్ట మీదికి వచ్చింది. ఒక్కరికీ ఒక్క చోటూ నచ్చలేదు. గాలి ఎక్కువన్నారు. గాలి ఆడదన్నారు. "ఈ దిబ్బ మీద దయ్యాలు గూడా కాపురముండవు సామీ" అంది ఒకామె.

"మంచిదే కదమ్మా, బాడుగకు పోటీ ల్యాదు" అన్నాడు దస్తగిరి, తల ఎత్తకుండానే.

మధ్యాహ్నం సద్ది తినడానికి ఒక చోట గొడుగు పాతుకుని కూర్చున్నాం. ఆ మిట్ట మీద నీడంటే మా గొడుగు నీడే. మేము కూర్చున్నది పద్నాలుగో నంబరులో. ఎందుకంటే అక్కడ మన్ను మెత్తగా ఉండి గొడుగు కర్ర దిగింది. అంతకు మించి కారణం లేదు.

మర్నాడు పొద్దున ఐదుగురు నా దగ్గరికి వచ్చి, అందరికీ పద్నాలుగో నంబరే కావాలన్నారు. ఎందుకని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకాయన గొంతు తగ్గించి, "గవర్మెంటు బావి ఆడే పడతాదంట గదా సామీ. ల్యాకుంటే అన్ని జాగాలుండగా మీరు ఆడే ఎందుకు కూసుంటారు?" అన్నాడు.

బావి సంగతి నాకు తెలియదని చెప్పాను. తెలిసినా చెప్పకూడని మాట గనక అలా చెబుతున్నానని వాళ్ళు గట్టిగా నమ్మి, సంతోషంగా వెళ్ళారు.

ఆ రోజు గొడుగును మూడో నంబరుకు మార్చాను. సాయంత్రానికి మూడో నంబరుకు గిరాకీ వచ్చింది. మరుసటి రోజు ఇరవై రెండుకు మార్చాను. దస్తగిరి అయితే దీన్నొక వినోదంగా పట్టుకున్నాడు. పనిలేకపోయినా గొడుగు భుజాన వేసుకుని ఈ మూల నుంచి ఆ మూలకు నడిచేవాడు. వెనకనే ఇరవై మంది, ఏదో పని ఉన్నట్టు, పశువులను వెతుకుతున్నట్టు, అటే నడిచేవారు. అతను ఆగితే ఆగేవారు. ఒకసారి నడుస్తూ నడుస్తూ టక్కున వెనక్కి తిరిగాడు. ముందున్న ముసలాయన తడబడి, "ఊరికే, గాలికి వస్తిమి" అన్నాడు. పక్కనున్నామె, "ఈడ గాలి ఆడదంటివి గదప్పా మొన్న!" అంది. అందరూ పకపకా నవ్వారు. నవ్వుతూనే దస్తగిరి కాళ్ళ కింద ఏ నంబరుందో చూసుకున్నారు.

ఇది మంచిది కాదనిపించి గొడుగును స్థలాల బయట, బండ్ల దారి పక్కకు తీసుకుపోయి పాతాను. ఇక ఎవరికీ ఏ భ్రమా ఉండదనుకున్నాను. ఆ మధ్యాహ్నమే ఒకాయన వచ్చి, "సామీ, నాకు ఈ దారిలోనే రాసియ్యండి" అన్నాడు.

దారిలో ఇల్లెలా రాస్తానయ్యా అంటే, "మీరు తలుచుకుంటే దారిని పక్కకు జరపల్యారా?" అని నన్నే అడిగాడు.

ఓబుళమ్మ నన్ను కలవడానికి వచ్చింది అప్పుడే. నలభై ఏళ్ళుంటాయి. గట్టి మనిషి, గట్టి గొంతు. కింది వీధిలో బోదగడ్డి కప్పిన కొట్టంలో ఉండేది. బూడిదగుమ్మడికాయ వడియాలు పెట్టి ధర్మవరం సంతలో అమ్మేది. భర్త పుల్లన్న కూలికి పోయేవాడు. ఆమె ఒంటరిగా వచ్చి, అటూ ఇటూ చూసి, "సామీ, నీకు దండం పెడతా. నీ గొడుగు ఆ బండ దిక్కు మాత్రం తేవద్దు" అంది.

బండ అంటే ముప్పై ఒకటో నంబరు. ఈశాన్యపు మూలకు ఒక స్థలం ముందు అది. అందులో నేల దాదాపు లేదు. చదునైన రాతిపరుపు పళ్ళెం బోర్లించినట్టు పరుచుకుని ఉంది. గడ్డపార దిగదు. దాన్ని చూసి అందరూ పక్కకు పోయేవారు. అలాంటి చోటు మీద ఇంత భయమెందుకో నాకర్థం కాలేదు.

ఆమె చెప్పింది. కొట్టానికి కప్పు బోద. దాని మీద వడియాలు ఎండవు. నేల మీద పెడితే మన్ను అంటుతుంది. అందుకని ఏటా పక్కింటి నరసమ్మ మిద్దె మీద ఎండబెట్టుకునేది. నరసమ్మది మట్టి మిద్దె. వీధిలో అలాంటివి రెండే. నరసమ్మ ఎన్నడూ కాదనలేదు. మిద్దె ఎక్కనిచ్చేది. కానీ ఎక్కేటప్పుడు ఒక మాట, దిగేటప్పుడు ఒక మాట. "ఏమే ఓబుళీ, నీ వడియాలు నా మిద్దె మీద కాపురం పెట్టినాయే, పురుళ్ళు గూడా ఈడే పోస్తాయా?" అని ఒకరోజు. "ఊళ్ళో కాకులన్నిటికీ నా ఇల్లు చూపించినావు గదే తల్లీ" అని ఇంకోరోజు.

"పద్దెనిమిదేండ్లుగా ఆ నిచ్చెన ఎక్కతాండా సామీ. కాళ్ళు నొయ్యలే, చెవులు నొస్తాండాయి" అంది ఓబుళమ్మ. "ఆ బండ నాదైతే, కడిగి, ముగ్గేసినట్టు వడియాలు పెట్టుకుంటా. మన్ను ల్యాదు, నిచ్చెన ల్యాదు, నరసమ్మ ల్యాదు. ఇంకెవరికీ అది కనపడకుండా ఉంటే సాలు."

చీటీల దాకా పోకుండా ఉండాలంటే ఆ నంబరుకు ఆమె ఒక్కతే లేవాలి. ఉద్యోగిగా నేను ఎవరి పక్షమూ పట్టకూడదు. కాని గొడుగు ఫలానా చోట పాతాలని ఏ నిబంధనా లేదు. అది దారి పక్కనే ఉంటుందని మాత్రం చెప్పాను. ఆమెకు అది చాలలేదు. నా గొడుగు మీద భారం వేసి కూర్చునే రకం కాదు. మర్నాటి నుంచి బండను తిట్టడం మొదలుపెట్టింది.

తిట్టడంలో ఆమెకు సాటి లేదు. చేదబావి దగ్గర మొదలుపెట్టి వీధి చివరిదాకా అదే పని. ఎండాకాలం ఆ బండ మీద కాలు పెడితే తోలు అతుక్కుంటుందట. వానకు జారితే నడుములు విరుగుతాయట. సందుల్లో తేళ్ళు పుట్టలు పుట్టలుగా ఉన్నాయట. "ఆ జాగా ఎవరికి పడతాదో గానీ, వాళ్ళ మొగం సూడల్యాం తల్లీ" అని కళ్ళు కూడా తుడుచుకునేదట. దస్తగిరి నీళ్ళకు పోయినప్పుడల్లా విని వచ్చి నాకు చెప్పేవాడు.

నాలుగు రోజులకు ఆ మాటలు వీధంతా తిరిగి, బాగా బలిసి, వెనక్కి వచ్చాయి. ఇప్పుడు ఆ బండ మీద ఒక ఎద్దు జారిపడి చచ్చింది. ఒక పెళ్ళిబృందం దాని మీద కూర్చుని అన్నాలు తిన్నందుకు పెళ్ళే తప్పిపోయింది. ఎవరి పెళ్ళని దస్తగిరి అడిగితే, మా అత్తకు తెలుసని ఒకామె చెప్పింది. ఆ అత్తను అడిగితే, "నాకేం తెలుసప్పా, ఊరంతా చెప్తాండారు గదా" అంది.

ఇంతవరకూ ఓబుళమ్మ లెక్క సరిగ్గానే ఉంది. తప్పింది ఆమె ఇంట్లోనే. భర్త పుల్లన్న ఒక మధ్యాహ్నం మా గొడుగు దగ్గరికే వచ్చి, వెనకనే వచ్చిన భార్యతో నా ముందే చెప్పేశాడు: "ఏమన్నా కానీ, ఆ బండ మీదికి నేను రాను."

"అయ్యో నా మొగుడా, ఆ మాటలన్నీ నేను పుట్టించినవే గదా!" అని ఆమె నెత్తి కొట్టుకుంది.

"నువ్వు పుట్టించింది రొండు. ఊరు చెప్పేది పది. నువ్వు అబద్ధాలాడతావని నాకు తెలుసు. ఊరంతా ఆడతాదా?"

దస్తగిరి గొలుసు చుట్టే నెపంతో అటు తిరిగి కూర్చున్నాడు. అతని భుజాలు అదురుతున్నాయి. నాకూ నవ్వు ఆపుకోవడం కష్టమైంది. అయితే, పంపకానికి ముందు రోజు ఓబుళమ్మ మళ్ళీ ఒంటరిగా వచ్చి ఒక ప్రశ్న అడిగినప్పుడు మాత్రం నేను ఆశ్చర్యపోయాను.

"సామీ, నువ్వు కొలిచినావు గదా. ఆ బండ మీద నిజంగా ఏమన్నా ఉండాదా?"

నువ్వే కదమ్మా అన్నీ చెప్పింది, అన్నాను.

"నేను చెప్పింది తేళ్ళ దాకానే సామీ. ఎద్దును నేను చెప్పలే."

ఎద్దు లేదని, పెళ్ళి లేదని, మేము అన్ని రోజులు తిరిగినా ఒక్క తేలు కూడా కనబడలేదని చెప్పాను. ఆమె తల ఊపింది. కానీ నమ్మిన మనిషి తల ఊపే తీరు కాదది. "ఒక్కరైనా బాగుందనల్యా సామీ" అంది. "ఒక్కరన్నా అంటే బాగుండు." ఒక్కరు కూడా అనకూడదని ఇన్ని రోజులూ పాటుపడింది ఆమే.

మర్నాడు తాసిల్దారు వచ్చారు. మిట్ట మీద ఒక బల్ల, రెండు కుర్చీలు, పైన ఒక దుప్పటి కట్టారు. ఆయనకు సాయంత్రం ఇంకో ఊళ్ళో పని ఉంది, అందుకని నంబర్లు వేగంగా పిలిచారు. మొదట ఎవరూ లేవలేదు. ఒకటో నంబరుకు ఎవరూ లేవకపోవడంతో రెండో నంబరుకూ ఎవరూ లేవలేదు. మూడో నంబరుకు ఒకాయన లేచాడు. ఆయన లేచాడని ఇంకో నలుగురు లేచారు. పద్నాలుగుకు తొమ్మిది కుటుంబాలు లేచాయి. అందులో ఇద్దరు, లేచాక, ఇది ఏ నంబరని పక్కవాళ్ళను అడగడం నా చెవిన పడింది. పదిహేనో నంబరు అన్నివిధాలా పద్నాలుగులాంటిదే. కొలతలో ఒక్క లింకు తేడా లేదు. దానికి ఎవరూ లేవలేదు.

నరసమ్మ మాత్రం అప్పటిదాకా దేనికీ లేవలేదు. మిద్దె ఉన్న మనిషి, తొందరపడదు. ముందు వరుసలో బాసికపట్టు వేసుకుని, ఎవరు దేనికి లేస్తున్నారో చూస్తూ కూర్చుంది. ఆమె వెనక ఓబుళమ్మ, పుల్లన్న.

ముప్పై ఒకటి పిలిచారు. ఓబుళమ్మ మోకాళ్ళ మీదికి లేచింది. చుట్టూ చూసింది. అందరూ తలలు దించుకుని ఉన్నారు. ఒకరిద్దరు పక్కకు తిరిగి ఉమ్మారు. పుల్లన్న ఆమె చీర కొంగు పట్టుకున్నాడు. ఆమె కూర్చుండిపోయింది.

తాసిల్దారు రెండోసారి పిలిచారు. మూడోసారి పిలిచి తర్వాతిదానికి పోవడం పద్ధతి. నేను పటం పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నేను మాట్లాడడానికి వీలులేదు. ఇంకొక్క పిలుపుతో, ఆమె కోరుకున్న ఒకే ఒక చోటు ఎవరూ అడగనివాటిలోకి పోతుంది. ఆపైన చీటీ ఓడిన ఎవరికైనా పోవచ్చు.

అప్పుడు నరసమ్మ మెడ తిప్పి, "ఏమే, లేసి కూసుంటివి?" అంది.

"నేనా? నేను ల్యాలే. కాలు తిమ్మిరి పట్టింది" అంది ఓబుళమ్మ.

నరసమ్మ ఆమె ముఖం ఒకసారి, బండ వైపు ఒకసారి చూసింది. పద్దెనిమిదేళ్ళ పరిచయం ఊరికే పోలేదు. లేచి నిలబడి, "సామీ, అది నాకు రాయండి" అంది.

ఆ మాట పూర్తికాకముందే ఓబుళమ్మ లేచింది. లేవడం కాదు, ఎగిరింది. పుల్లన్న చేతిలో కొంగు అంచు చిరిగింది. "నాకు సామీ! నాకు! ఆయమ్మకు మిద్దె ఉండాది!"

ఇద్దరూ మూడో పిలుపులోపలే లేచారు గనుక రెండు పేర్లూ రాయించారు. చీటీలకు ముందు కారణం అడగడం తాసిల్దారు అలవాటు. ఒకరు తగ్గితే పని తగ్గుతుంది. గడ్డపార దిగని చోటు మీకెందుకని అడిగారు. నరసమ్మ, "మంచి జాగా గదా సామీ" అంది. ఎలా మంచిదంటే, "అది అడుగుతాండాది గదా!" అని ఓబుళమ్మను చూపించింది.

ఓబుళమ్మ జవాబు మిట్టంతా వినపడింది. "వడియాలకు సామీ! కడిగితే అద్దమట్ల ఉంటాది. వడియాలు, మిరక్కాయలు, చింతపండు, శెనక్కాయలు, ఏం పోసినా మన్ను అంటదు. పొద్దుగూకేదాకా ఎండ. ఆయమ్మ మిద్దె మీద ఎండేసి ఎండేసి మాటలు తింటి, ఇంక తినల్యాను!"

"నేనేం మాటలంటినే?" అని నరసమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

వెనక నుంచి ఎవరో కాకుల మాట అన్నారు, అచ్చం నరసమ్మ గొంతుతోనే. ఇంకెవరో కాపురం మాట, పురుళ్ళ మాట అందుకున్నారు. వీధి మొత్తానికి అవి కంఠతా వచ్చు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నరసమ్మ కాసేపు బిగపట్టుకుని, చివరికి తానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాసిల్దారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అది చాలాసేపు తుడిచారు.

ఆ నవ్వు తగ్గేసరికి ఓబుళమ్మ చెప్పిన మొదటి సగం అందరి తలలకూ ఎక్కింది. మన్ను అంటని బండ. పొద్దుగూకేదాకా ఎండ. ఒక చెయ్యి లేచింది. పక్కన ఇంకొకటి. చూస్తుండగానే మిట్ట మీద చేతుల తోట మొలిచింది. "మా పేరు ఆడ కొట్టేసి ఈడ రాయండి సామీ!" "మాకూ బండే!" "ఎద్దు సచ్చిందంటిరి గదే?" "యాడి ఎద్దు? ఎవరు సూసినారు?" ఎద్దును తన కళ్ళతో చూశానన్న మనిషే ఆ ప్రశ్న అడిగాడు. పుల్లన్న అయితే పక్కవాళ్ళతో, "నేను మొదట్నుంచీ చెప్తానే ఉండా, ఉంటే ఆ బండ మీదనే ఉండల్లని" అంటున్నాడు. నేను విన్నాను. దస్తగిరి కూడా విని, గొలుసు కింద పడేశాడు.

ఓబుళమ్మ ముఖం చూడవలసింది. అందరూ తన చోటును లాక్కోవడానికి చేతులెత్తితే భయపడవలసిన మనిషి, వెలిగిపోతోంది. వెనక్కి తిరిగి ఆ చేతులన్నీ చూసుకుంటోంది.

ఒకసారి రాసింది రాసిందే, పిలుపు ముగిసిన నంబర్లలో మార్పులు లేవని తాసిల్దారు గట్టిగా చెప్పాక గోల తగ్గింది. బండ ఎంతవరకు ఉందని నన్ను అడిగారు. పటం చూసి చెప్పాను: ముప్పై ఒకటిలో దాదాపు అంతా, చివరిదైన ముప్పై రెండులోకి కూడా పది లింకుల మేర వెళ్ళింది, మిగతా నలభై లింకులు మన్నే.

నరసమ్మ వెంటనే లెక్క కట్టింది. "అంటే ముప్పై రొండులో బండా ఉండాది, పునాదికి మన్నూ ఉండాది?"

ఉందన్నాను.

"అట్లయితే ముప్పై ఒకటి దానికే ఇయ్యండి. నా పేరు ముప్పై రొండుకు రాయండి."

ముప్పై ఒకటి పిలుపు ఇంకా ముగియలేదు, ముప్పై రెండు పిలవనే లేదు గనుక, ఇక్కడ తప్పుకుని అక్కడ అడగడానికి ఆమెకు హక్కుంది. పిలిచారు. మిగతా కుటుంబాలన్నీ అప్పటికే ఏదో ఒక నంబరుకు లేచి ఉన్నాయి. నరసమ్మ ఒక్కతే నిలబడింది. రెండు నంబర్లూ చీటీలు లేకుండా తేలిపోయాయి. జనంలోంచి శభాషన్నారు. ఇల్లూ వస్తుంది, బండా వస్తుంది, నరసమ్మ తెలివే తెలివన్నారు.

నేను పటం చుట్టుకుంటుంటే ఓబుళమ్మ పక్కకు వచ్చింది. ముఖంలో వెలుగు అప్పుడే కొంచెం తగ్గింది. "సామీ, ముప్పై రొండే మంచిదా?" అని గుసగుసగా అడిగింది.

నేను దస్తగిరిని గొలుసు తెమ్మన్నాను. ఒక కొస ఆమె చేతికిచ్చి, బండ ఈ అంచున నిలబెట్టి, ఆ అంచుకు అతన్ని పంపాను. ముప్పై ఒకటో నంబరులో బండ నలభై ఏడు లింకులు వచ్చింది. అంటే ముప్పై ఒక్క అడుగులు. పక్కదానిలో ఆరున్నర అడుగులు. ఆమెకు లింకులు తెలియవు గాని, గొలుసు ఎంత దూరం పోయిందో కళ్ళతో చూసింది. చేతిలో కొస వదలకుండా, "నరసమ్మా, ఇట్ల రా, ఒకసారి వచ్చి సూసిపో!" అని కేక పెట్టింది.

మామూలుగా స్థలాల మూలల్లో రాళ్ళు నాటుతాం. రాతిపరుపు మీద రాయి నాటడం కుదరదు గనుక ఉలితో అడ్డంగా, నిలువుగా గీతలు చెక్కి గుర్తు పెడతాం. ఆ పనికి రాళ్ళు కొట్టేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేసరికి అక్కడ ఇంకా ఇల్లు లేదు, కొట్టం లేదు. బండ మాత్రం కడిగి ఉంది. దాని మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా తెల్లటి వడియాలు. సరిగ్గా మేము గుర్తు చెక్కవలసిన చోట ఒక వరుస. హద్దుకు అవతలి పది లింకులలో నరసమ్మ గంప బోర్లించి కూర్చుని కాకులను తోలుతోంది.

గుర్తు చెక్కాలి, ఆ వరుస తీయమన్నాను. ఓబుళమ్మ కుదరదంది. పచ్చివి కదిలిస్తే విరిగిపోతాయంది. ప్రభుత్వపు పని అన్నాను.

"గవర్మెంటుకేం తొందర సామీ? చెరువు నిండినాకనే గదా మేము వచ్చేది" అంది నరసమ్మ, ఆమె తరపున.

వడియాలు ఎండేదాకా గుర్తు చెక్కడం వాయిదా వేశాను. ఆలస్యానికి కారణం రాయవలసిన చోట "స్థలంలో అడ్డంకి" అని రాశాను. పైఅధికారులు వివరం అడగలేదు.

ఆ తర్వాత నా ఉద్యోగంలో ఇలాంటి స్థలాల పని చాలా ఊళ్ళలో చేశాను. మనుషులను ఒకచోట కూర్చోబెట్టి నంబర్లు పిలిస్తే, వాళ్ళు నేల వైపు చూడరని, పక్కవాడి వైపు చూస్తారని నాకు తెలిసింది. అందుకని పంపకానికి ముందు ఒక్కొక్క ఇంటికీ విడిగా వెళ్ళి అడిగే పద్ధతి పెట్టుకున్నాను. దానివల్ల గోల తగ్గింది, చీటీలు తగ్గాయి. కానీ ఏ ఊళ్ళోనైనా, ఏ ఇంట్లోనైనా, మీకు ఏ చోటు కావాలని అడిగితే మొదట వచ్చిన మాట మాత్రం మారలేదు: "పక్కింటోళ్ళు యాడ అడిగినారు సామీ?" కొన్నాళ్ళకు నేను ప్రశ్ననే మార్చుకున్నాను. ఏ చోటు కావాలని అడగడం మాని, ఎవరి పక్కన కావాలని అడిగేవాణ్ణి. దానికి అందరూ వెంటనే జవాబు చెప్పేవారు, పటం కూడా తొందరగా పూర్తయ్యేది.